మంచుకొండకు పోయిన బియ్యం

రాయచోటి బస్టాండు దగ్గర చింతపండు, మిరపకాయలు, పప్పులు టోకున అమ్మే అంగడి ప్రదీప్‌కుమార్‌ది. అంగడి పేరు చెప్తే ఆయన్ను గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. 'చెల్లెల్ని ఎత్తుకొని తిరిగే సెట్టి' అంటే మాత్రం వీధిలో ఆడుకునే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చెల్లెలు శ్రీవాసవి కడపలో డిగ్రీ చదివేటప్పుడు ఘాట్ రోడ్డులో బస్సు బోల్తాపడి, నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటి నుంచి మెట్లున్న ప్రతిచోటికీ ఆ అమ్మాయిని మోసింది ప్రదీపే. గుడికి మోశాడు, సినిమాకు మోశాడు, ఓటు వేయించడానికి బడి మెట్లెక్కించాడు. చూసినవాళ్ళు "అన్నంటే ఇట్లుండల్లప్పా" అనేవాళ్ళు. ప్రదీప్ పైకి "దాందేముండాదిలే, మన పిల్లే కదా" అనేవాడు గానీ, ఇంకొకరెవరైనా ఆ మాట అంటారేమోనని గుడి వాకిట్లో ఇంకాసేపు నిలబడేవాడు. మనిషన్నాక ఆ మాత్రం ఆశ ఉంటుంది, తప్పు పట్టకండి.

ఎత్తుకున్నంతసేపూ వాసవి కళ్ళు మూసుకొని ఉండేది. అది మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు.

వాసవికి చక్రాల కుర్చీ ఉంది. వేలూరులో ఆమె ఒళ్ళు కొలిచి చేయించినది. దాని మీద గాలి నింపిన గళ్ళ దిండు ఒకటి కట్టి ఉంటుంది. కుర్చీ కంటే ఆ దిండు ముఖ్యం. స్పర్శ లేని ఒళ్ళు కదా, గట్టి చోట ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కమిలి పుండవుతుంది, అయిన సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు. ఈ ముక్క ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలిసీ చేశారు, అదే కదా నా కడుపుమంట.

వాసవి ఇంటి ముందు గదిలో కంప్యూటరు పెట్టుకొని శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసి ఇచ్చేది. 2006లో ఒకరోజు మధ్యాహ్నం, అన్న భోజనానికి వస్తే ఆ గదిలోకి పిలిచి తెరమీద ఒక బొమ్మ చూపించింది. తెల్లటి కొండవాలు మీద, కాళ్ళు లేని మనిషొకడు చిన్న పీట లాంటి దాంట్లో కూర్చొని జారిపోతున్నాడు.

"అన్నా, ఈ బండి సూడు. అడుగున ఒకటే బద్ద ఉంటాది. మంచు మీద పెట్టుకొని కూర్చుంటే సాలు. ఎవురూ తోసే పనిల్యా, ఎవురూ ఎత్తుకునే పనిల్యా. కొండే కిందికి తీస్కపోతాది."

"పడితే?" అన్నాడు ప్రదీప్.

"పడితే పడతా. నేను కిందపడి ఎన్నేండ్లయిందో నీకు తెలుసా? పడనియ్యరు కదా మీరు."

ప్రదీప్ నవ్వాడు. నవ్వి, చెల్లెలి ముఖం చూసి, "పోదాం పద" అనేశాడు. అనడం ఎంతసేపు!

ఆ ప్రయాణానికి ఏర్పాటంతా వాసవిదే. మనాలి అవతల కొండవాలు మీద అటువంటి పీటల మీద జారడం నేర్పే మాజీ సైనికుడొకాయన ఉన్నాడని కంప్యూటర్లో వెతికి పట్టుకుంది. ఆయనకు రాసింది, ఆయన రమ్మన్నాడు. పీటలో మనిషిని బెల్టులతో గట్టిగా బిగిస్తారు కాబట్టి ఎవరి దిండు వాళ్ళే తెచ్చుకోవాలనీ, ఒంటి మీద చిన్న పుండున్నా కూర్చోబెట్టననీ ఆయన ముందే చెప్పాడు. హోటలాయనకు ఫోన్ చేసి, స్నానాల గది తలుపు ఎంత వెడల్పో టేపు పెట్టి కొలిపించింది. ఆయన అందాజుగా చెప్పబోతే ఒప్పుకోలేదు. గడప దగ్గర కుర్చీ ఎక్కేటట్టు చెక్క వేయిస్తానని మాట తీసుకుంది. చండీగఢ్ దాకా రైలు, అక్కణ్ణుంచి సుమో. ఆ సుమోలో వెనక చోటంతా కుర్చీకి ఖాళీగా ఉంచాలని చెప్పింది. అంతా అయ్యాక అన్నను కూర్చోబెట్టి ఒకటే మాట అడిగింది.

"నాకు మంచి రూమొద్దు, కిటికీ సీటొద్దు. నా కుర్చీ, నా దిండు నాతోనే రావల్ల. అంతే."

"వస్తాయి లేమ్మా. నాది పూచీ," అన్నాడు ప్రదీప్.

ఇంతలో తల్లి పుల్లమ్మ బయల్దేరింది. "బిడ్డను అంత దూరం పంపి నేనీడ కూర్చొని ఏం జేద్దును?" అంది. మంచిదే. తల్లి వస్తానంటే వద్దనేవాళ్ళెవరు? అయితే పుల్లమ్మ బయటి మెతుకు ముట్టదు. ఎవరు వండారో, ఏ చేత్తో వండారో తెలియని అన్నం ఆమెకు గొంతు దిగదు. వాళ్ళ కుటుంబాల్లో కాశీకి పోయినా, బదరికి పోయినా వంటమనిషిని, బియ్యాన్ని వెంట తీసుకుపోవడం రివాజు. మంచుకొండకు పోయేటప్పుడూ అదే రివాజు నడిచింది. పెళ్ళిళ్ళకు వంట చేసే రంగన్నను మాట్లాడారు. బియ్యం మూట, గిన్నెలు, గ్యాసుస్టవ్వు, ఊరగాయ జాడీలు, చెనిగ్గింజల పొడి, చివరికి గుంతపొంగనాల పెనం కూడా కదిలింది. రుబ్బురోలు ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా పుల్లమ్మ ఒకసారి తట్టి చూసి, పెద్దమనసు చేసుకొని వదిలిపెట్టింది.

ఆ సామాను చూసి వాసవి, "అమ్మా, ఆ కొండ మీద మనుషులుండారు. వాళ్ళూ తింటాండారు," అంది.

"తింటారు. వాళ్ళ తిండి వాళ్ళు తింటారు," అంది పుల్లమ్మ.

తండ్రి నాగేశ్వరయ్య అంగడి చూసుకోవడానికి ఆగిపోయాడు. ప్రదీప్, భార్య హిమబిందు, ఇద్దరు పిల్లలు, పుల్లమ్మ, వాసవి, రంగన్న ఫిబ్రవరిలో రేణిగుంటలో రైలెక్కారు. ఢిల్లీలో రైలు మారి చండీగఢ్‌లో దిగేదాకా ఏ ఇబ్బందీ రాలేదు. దారి పొడుగునా వాసవి పిల్లలతో అంత్యాక్షరి ఆడింది. ఆ పిల్ల అంత హుషారుగా ఉండగా చూసి ఎన్నాళ్ళయిందోనని హిమబిందు మొగుడితో అంది కూడా.

చండీగఢ్ స్టేషను బయట సుమో నిలబడి ఉంది. పొద్దుటి చలి. ప్రదీప్ ముందుగా చెల్లెల్ని ఎత్తి డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, చలిగాలి తగలకుండా అద్దం ఎక్కించాడు. తరువాత వెనక సామాను సర్దుడు మొదలైంది. మూట, గోతం, స్టవ్వు, జాడీల పెట్టె, అందరి పెట్టెలు ఎక్కేసరికి బండి నెత్తి నిండిపోయింది. కుర్చీ కోసం ఖాళీగా ఉంచమన్న చోట రంగన్నా, పప్పుల డబ్బాలూ కూర్చున్నాయి. డ్రైవరు కుర్చీని చూశాడు, బండిని చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఘాట్ రోడ్డులో నెత్తిన ఇంతకంటే బరువు పెట్టనన్నాడు. ఏదో ఒకటి దించాల్సిందే.

"అమ్మా, బియ్యం ఈడ్నే ఇచ్చేసి పోదాం. ఆడ కొనుక్కుందాం," అన్నాడు ప్రదీప్.

"ఆ పొడుగు బియ్యమా? వాసనకే నాకు కడుపులో తిప్పుతాది. నన్ను పస్తు పండబెట్టల్లనుకుంటే చెప్పు, ఈడ్నే కూర్చుంటా," అని పుల్లమ్మ మూట మీద చెయ్యి వేసింది. "కుర్చీ యాడన్నా దొరుకుతాది నాయనా. అంత పెద్ద ఊర్లో ఆస్పత్రి ఉండదా? దొరక్కపోతే మాత్రం నువ్వు లేవా? నువ్వు పిల్లను మొయ్యని చోటు యాడుండాది?"

ఆ చివరి మాట దగ్గర ప్రదీప్ మెత్తబడ్డాడు. నిజమే కదా, తన చేతులుండగా కుర్చీ ఎందుకు అనిపించింది. ఊరంతా మెచ్చుకున్న చేతులాయె!

హిమబిందు గొంతు తగ్గించి, "ఏమండి, వాసవిని ఒక మాట అడుగుదాం," అంది.

"అడిగితే ఒప్పుకుంటాదా?" అన్నాడు.

ఒప్పుకోదని తెలుసన్నమాట. అరిచే మనిషి ఒకరు, అరవని మనిషి ఒకరు ఉంటే ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా? స్టేషనులో సామాను దాచే గదికి కుర్చీని ప్రదీపే తోసుకుపోయాడు. అక్కడ దిండు మీద చెయ్యి వేసి ఆగాడు. దిండు ఒక్కటైనా విప్పి తీసుకుపోదామనుకున్నాడు. కానీ దిండు చేతికిస్తే కుర్చీ ఏదని అడుగుతుంది. ఏం చెప్పాలి? విప్పబోయిన కట్టు మళ్ళీ బిగించేసి వచ్చాడు.

బండి కదిలింది. ఊరు దాటాక వాసవి వెనక్కి తిరిగి, "అన్నా, కుర్చీకి తాడు గట్టిగా కట్టినావా?" అంది.

"కట్టినాలేమ్మా."

"దిండు ఇయ్యి మరి, వేసుకుంటా."

"దాన్నీ కుర్చీతోనే పైన కట్టేసినాం. మళ్ళీ అంతా విప్పల్ల. ఈ బొంత మడిచి వేస్తా, సర్దుకో."

వాసవి సర్దుకుంది. అన్న మాట మీద ఎప్పుడూ ఎదురడగని పిల్ల. దారంతా మలుపులే. మాటిమాటికీ రెండు చేతులూ సీటుకు ఆనించి ఒళ్ళు పైకి లేపుకొనేది, మలుపు వచ్చేసరికి మళ్ళీ కూలబడేది. మధ్యాహ్నం టీ తాగడానికి ఆగినప్పుడు, "శానా సేపయింది, వెనక కాసేపు పండుకుంటా," అంది. వెనక ఎక్కడ పండుకునేది? పప్పుల డబ్బాల మీదనా? "ఇంకెంత దూరం, వచ్చేసినాం," అన్నాడు ప్రదీప్. ఇంకా సగం దారి ఉంది. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది, తాగలేకపోయాడు. ఇప్పుడైనా చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. బండి ఎక్కేశాడు.

దీపాలు పెట్టే వేళకు చేరారు. హోటలాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. మాట ఇచ్చినట్టే గడప మీద కొత్త చెక్క ఏటవాలుగా వేయించి, మంచుకు జారకుండా దాని మీద గోనెపట్టా కూడా పరిచి ఉంచాడు పాపం. పైన తాళ్ళు విప్పారు. స్టవ్వు దిగింది, జాడీలు దిగాయి, బియ్యం మూట దిగింది. వాసవి అద్దం దించుకొని చూస్తూ కూర్చుంది. అన్నీ దిగాయి.

"అన్నా, కుర్చీ?"

ప్రదీప్ చెప్పాడు. చోటు చాలలేదన్నాడు, ఇక్కడ అద్దెకు తెస్తానన్నాడు, నేనున్నా కదా అన్నాడు. వాసవి పైకి అరిస్తే బాగుండునని, ఏడ్చినా బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఆమె కింద ఉన్న బియ్యం మూటను చూసింది, హోటలాయన వేయించిన చెక్కను చూసింది.

"సరే, ఎత్తుకో," అని కళ్ళు మూసుకుంది.

ఇన్నేళ్ళకు ఆ కళ్ళు మూసుకోవడం ఆయన కంటబడింది. ఆ కొత్త చెక్క మీదుగా చెల్లెల్ని మోసుకుంటూ లోపలికి పోయాడు.

బట్టలు మార్పించడానికి లోపలికి వెళ్ళిన హిమబిందు కాసేపటికి బయటికొచ్చి తలుపు చేరవేసింది. "ఏమండి, వెనక తట్టు నల్లగా కమిలిపోయింది. ఒకచోట తోలు ఊడింది," అంది.

మర్నాడు పొద్దున్నే మాజీ సైనికుడు పీటను జీపులో వేసుకొని హోటలుకే వచ్చాడు. నెరిసిన మీసం, గట్టి మనిషి. వాసవిని చూసి ఏదో తమాషాగా అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, తనకు పుండయిన సంగతి ఆమే చెప్పేసింది. ఆయన ముఖం మారిపోయింది. పీటను తీసుకొచ్చి ఆమె మంచం పక్కన పెట్టి, దాన్ని ఎట్లా వంచాలో, చేతికర్రలు ఎట్లా పట్టుకోవాలో చాలాసేపు చూపించాడు. మానిపోయాక రమ్మన్నాడు. వెళ్ళిపోయాడు.

ప్రదీప్‌కు ఉండబట్టలేదు. "చెప్పకుండా ఉంటే ఏమయ్యేది వాసవీ? ఒక్క తూరన్నా కూర్చునేదానివి కదా," అన్నాడు.

"అబద్ధం మీద కూర్చుంటే ఏమయితాదో నిన్న సూసినా కదన్నా," అంది వాసవి.

ప్రదీప్ ఆ పూటే బస్సెక్కి చండీగఢ్ పోయాడు. వెళ్ళే దారిలో, వచ్చే దారిలో అన్నం ముట్టలేదు. కుర్చీ తెచ్చాడు, దిండు తెచ్చాడు. ఎవరికి లాభం? ఊరి డాక్టరు బోర్లా పడుకోవాల్సిందే, కూర్చోకూడదన్నాడు. ఉన్నన్నాళ్ళూ వాసవి బోర్లా పడుకొని కిటికీలోంచి కొండను చూసింది. అందర్నీ తరిమి తరిమి మంచులోకి పంపింది. పిల్లలు సంగటి గిన్నెలో మంచు తెచ్చి మంచం పక్కన పెడితే, వేలు ముంచి "అబ్బా!" అని వాళ్ళ కోసం నవ్వింది. వాళ్ళు బయటికి పోగానే ముఖం తలదిండులో పెట్టుకుంది. తలుపు దగ్గర నిలబడిన ప్రదీప్ అది చూసి, లోపలికి పోయే ధైర్యం లేక తిరిగి వచ్చేశాడు. రంగన్న ఏం వండినా పుల్లమ్మకు సహించలేదు. "ఎందుకు తెచ్చుకుంటిరా నాయనా ఈ బియ్యం, నా నోట్లో మన్ను బడ," అని మూట పక్కన కూర్చొని ఏడ్చింది. మూటలో సగానికి పైగా మిగిలిన బియ్యం హోటలాయనకు ఇచ్చి వచ్చారు.

పుండు మానడానికి ఎండాకాలం దాటిపోయింది. కడప నుంచి హర్షిణి అని ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి వారం వారం వచ్చి చూసేది. ప్రదీప్ అంగడికి, ఇంటికి, టైపు గదికి సిమెంటు వాలు కట్టించాడు. బేల్దారి మేస్త్రి వద్దన్నా దగ్గర కూర్చొని తనే నున్నగా మెత్తాడు. గుడికి పోవడం మానేశాడు. ఎవరైనా ఎదురుపడి, "మంచు కొండ దాకా మోస్కపోయినావంటనే సెట్టీ! అన్నంటే నువ్వేనప్పా," అంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టయ్యేది. ఒకసారి తట్టుకోలేక, "మొయ్యలేదప్పా, పడేసినా," అన్నాడు. ఆ పెద్దమనిషి అది వినయం అనుకొని ఇంకా మెచ్చుకున్నాడు. ఏం చేస్తాడు మరి, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకొని పడుకున్నాడు.

దీపావళి అయ్యాక వాసవి అన్నను టైపు గదిలోకి పిలిచింది. "ఆయనకు మళ్ళీ రాసినా. ఫిబ్రవరిలో రమ్మన్నాడు."

ప్రదీప్ ముఖం విప్పారింది. "మంచిదమ్మా! ఈ తూరి పెద్ద బండి మాట్లాడతా. వంటోడు ల్యాడు, బియ్యం ల్యావు. అమ్మకు నేను చెప్పుకుంటా. నీ కుర్చీ నా ఒళ్ళో పెట్టుకొని పోతా, సూడు..."

"అన్నా," అంది వాసవి. "మీరెవురూ రావద్దు."

ప్రదీప్ తెరమీదున్న ఉత్తరం వైపు చూశాడు.

"నేనూ హర్షిణీ పోతాం. టికెట్లు అయిపోయినాయి."

"ఇంకా కోపముండాదామ్మా?"

"కోపం ఎప్పుడో పోయింది. కానీ నువ్వొస్తే దారంతా వెనక్కి తిరిగి తిరిగి కుర్చీని సూసుకుంటా ఉంటా. అట్ల పోల్యానన్నా."

ప్రదీప్ చెల్లెలి కంప్యూటరు మీద దుమ్ము లేకపోయినా పైపంచెతో తుడిచి, లేచిపోయాడు.

రేణిగుంట దాకా తనే కారులో దిగబెట్టాడు. రైలొచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. అలవాటుగా ప్రదీప్ ముందుకు వంగి చేతులు చాచాడు. అప్పటికే హర్షిణి ఇద్దరు కూలీలను పిలిచింది. వాళ్ళు వాసవిని కుర్చీతో సహా లేపి పెట్టెలో పెట్టారు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీలోంచి చెయ్యి ఊపింది. చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక ప్రదీప్ కూలీలిద్దరికీ దండం పెట్టాడు.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం, అంగట్లో మిరపకాయల కాటా వేయిస్తుండగా ఫోను మోగింది. అవతల గాలి హోరు, ఎవరివో కేకలు, వాటి మధ్య వాసవి గొంతు.

"అన్నా! జారినా! పై నుంచి కిందిదాకా! రెండు తూర్లు పడినా! మోచెయ్యి గీసుకపోయింది, హర్షిణి తిడతాంది!" అని నవ్వు. ఊపిరాడనంత నవ్వు. ఆ నవ్వు బస్సు బోల్తాపడక ముందు ఇంట్లో వినేవాళ్ళు, అదే నవ్వు. "పిలుస్తాండారు, మళ్ళీ ఎక్కల్ల, పెట్టేస్తాండా!" అంది. ఫోను ఆగిపోయింది.

ప్రదీప్ రిసీవరు చెవికి అట్లే పెట్టుకొని నిలబడ్డాడు. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కళ్ళ ఎదురుగా నవ్వాల్సిన నవ్వు అది. ఒక్క మూట బియ్యం దించి ఉంటే, లేదా ఒక్క నిజం చెప్పి ఉంటే, ఆ కొండ కింద నిలబడి ఆ పడడం తను చూసి ఉండేవాడు. ఇక ఎన్నిసార్లు జారినా, మొదటిసారి జారింది మళ్ళీ రాదు.

ఫోను చప్పుడు విని పుల్లమ్మ అంగడి పక్కనే ఉన్న ఇంట్లోంచి పరిగెత్తినట్టే వచ్చింది.

"వాసవేనా? ఏమంటాంది నాయనా?"

"జారిందంటమ్మా. పడిందంట. పడి నవ్వుతాంది."

పుల్లమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. కొడుకు ముఖంలోకి భయంభయంగా చూస్తూ, "నన్ను అడిగిందా?" అంది.

వాసవి ఎవరినీ అడగలేదు. అడిగే తీరిక ఆ నవ్వుకు లేదు.

"అడిగిందమ్మా," అన్నాడు ప్రదీప్. "మొదట నిన్నే అడిగింది."